టోపీ పోయిన ఇన్‌స్పెక్టరు

ఒక పాత పోలీసు సినిమా వెయ్యమని ఎన్నో దసరాలుగా అడుగుతున్నాను. మన తెలుగు సంఘం కార్యవర్గం నా మాట చెవిన పెట్టలేదు. పోయినసారి నేను మాట్లాడుతుండగానే కార్యదర్శి గారు లేచి టీకి వెళ్ళిపోయారు. అది నాకు గుర్తుంది. సంఘం పత్రిక ఈ సంచికలోనైనా చదువుతారని రాస్తున్నాను.

నిన్న గార్డెన్ రీచ్ బస్సులో ఎవరి ఫోన్‌లోంచో పోలీసు విజిల్ వినిపించింది. నేను అడిగే సినిమాయే. టోపీ పోగొట్టుకున్న ఇన్‌స్పెక్టరు ఊరంతా వెతికి, చివరికి లాకప్పులో ఉన్న దొంగనే సాయం అడుగుతాడు. వింటూనే సింహాచలం మావ గుర్తొచ్చాడు.

మీలో చాలామంది ఆయన్ని ఎరగరు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రేవులో మూటలు మోసిన మనిషి. ఏక్‌బాల్‌పూర్‌లో మా పక్క గది. చుట్టం కాకపోయినా నాకు మావే. నా ఇరవయ్యో ఏట రేవులో రాగితీగ పోతే, గేటు దగ్గర నిలబడ్డ పాపానికి నన్ను ఠాణాకు పట్టుకుపోయారు. ఒక హవల్దారు చెంప మీద కొట్టాడు. సాయంత్రానికి దొంగ వేరేవాడని తేలి, నన్ను పొమ్మన్నారు. తప్పయిందని ఎవరూ అనలేదు. ఆ తర్వాత ఖాకీ కనిపిస్తే నా కాళ్ళు ఆడేవి కావు. రేవు గేటు పాసుకు ఠాణా ముద్ర కావాలి, లేకపోతే చేతికొచ్చిన పని పోతుంది. అయినా వెళ్ళనని మొండికేశాను.

మావ తిట్టలేదు. "సందేల దసరా పందిట్లో సినిమా ఏస్తన్నారు, రారా అల్లుడూ" అన్నాడు. తీరా చూస్తే పోలీసు సినిమా. లేవబోతే చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు. మా వెనక కుర్చీలో బందోబస్తుకు వచ్చిన బెంగాలీ కానిస్టేబులు. తెలుగు ముక్క రాకపోయినా అందరికంటే ముందు అతనే నవ్వుతున్నాడు. కాసేపటికి నా భుజం తట్టి, "దాదా, కీ బోల్లో?" అన్నాడు, తెరమీదవాడు ఏమన్నాడో చెప్పమని. నేను కుర్చీలో ముందుకు జరిగాను.

"సెప్పరా. పాపం, ఆడికి మన బాస రాదు" అన్నాడు మావ.

"నేను చెప్పను మావా."

"అయితే నాను సెప్తాను. నా బెంగాలీ ఇన్నాడంటే ఇద్దర్నీ లోపలేస్తాడు."

తెరకేసి చూస్తూనే చెప్పాను. 'టోపీ లేకపోతే నా పెళ్ళామే నన్ను లెక్కచెయ్యదు' అని తెరమీది ఇన్‌స్పెక్టరు ఏడుస్తుంటే, అదీ బెంగాలీలో చెప్పాను. కానిస్టేబులు తన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, బట్టతల తుడుచుకుంటూ, "మా ఇంట్లోనూ అంతే దాదా" అన్నాడు. అప్పుడు నేనూ నవ్వాను. రోజంతా ఎవరికి దారిచ్చి తప్పుకుంటామో ఆ మనిషి తెరమీద జారిపడి, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసుకుంటాడు. చూసింది మనమే. ఆ సినిమా రుచి అది.

సినిమా అయ్యేలోగా అతని డ్యూటీ అయిపోయి వెళ్ళిపోయాడు. మర్నాడు మావ వెంట ఠాణాకు వెళ్తే బల్ల వెనక అతనే ఉన్నాడు. నా కాగితం చూడకముందే, "టోపీ దొరికిందా?" అని అడిగాడు. దొంగే పెట్టుకుని ఇన్‌స్పెక్టరు కుర్చీలో కూర్చున్నాడని చెప్పాను. బల్ల చరిచి నవ్వి, ముద్ర వేయించి ఇచ్చాడు. బయట మెట్ల మీద కాచుకున్న మావ పక్కన కూర్చుని ముద్ర చూపించాను.

"దెబ్బ మాత్రం మర్చిపోలేదు మావా."

"మర్సిపోమని ఎవుడన్నాడు? పన్లోకెల్లి గుర్తెట్టుకో."

ఇప్పుడు మావ లేడు. నేటికీ ఖాకీ ఎదురైతే ముందు టోపీకేసి చూస్తాను, దాని కింద తల ఎలా ఉంటుందో అనుకుంటాను. నడక మాత్రం ఆగదు. పోలీసుల్ని చూసి నవ్వే సినిమా వేస్తే సంఘం పరువు పోతుందని కార్యవర్గం అంటోంది. ఆ పందిట్లో నవ్వినవాళ్ళలో ఠాణాలో దెబ్బ తిన్నది నేనొక్కణ్ణే కాదు. కార్యదర్శి గారూ, ఈ దసరాకు మావ పేరు చెప్పి ఆ సినిమా వేస్తారా, వెయ్యరా? లేచి టీకి వెళ్ళకుండా చెప్పండి.