నాలుగు నిలువు, ఒకటి అడ్డం

డేవిడ్ రాజు కూర్చునే ముందు బెంచీని జేబురుమాలుతో తుడుస్తాడు. పోర్టులో ఇరవై ఎనిమిదేళ్లు బియ్యం, ఉప్పు, పంచదార బస్తాలు లెక్కపెట్టి, ప్రతి ఐదింటికీ నాలుగు నిలువు గీతలు, వాటి మీదుగా ఒక అడ్డగీత గీసిన మనిషి. ఆ పని యంత్రాలకి పోయింది. ఇంగ్లీషు పరీక్ష పాసైతే గోడౌన్లో సూపర్‌వైజరుగా తీసుకుంటామన్నారు. అందుకే యాభై మూడేళ్లకి మధురవాడలో ఇంగ్లీషు క్లాసులో కుర్రాళ్ల మధ్య కూర్చుని, ఇంగ్లీషు వ్యాకరణంలో లెక్కకొచ్చే మాటలు ఒక పక్క, రానివి ఒక పక్క రాయడం నేర్చుకుంటున్నాడు. బియ్యం, ఉప్పు, పంచదార లెక్కకి రావని పాఠం చెప్పే అలేఖ్య మేడం అంటే బుద్ధిగా తలూపుతాడు.

ఇవాళ ఆఖరి పరీక్ష. గంట కొట్టాక మేడం కాగితం తీసి చూసింది. జవాబు ఒక్కటీ లేదు. రైస్ పక్కన, సాల్ట్ పక్కన, అడుగుదాకా అన్నీ గీతలే.

"ఇదేంటి అంకుల్?"

అతను తన కుడిచేతి వైపు చూశాడు.

"నాను రాయలేదమ్మా. సెయ్యే రాసేసింది."

లేచి, తను కూర్చున్న చోటు జేబురుమాలుతో తుడిచేశాడు.