నా దయ్యం కథలో సువార్తమ్మక్క

సహోదరీ సహోదరులారా, పోయిన ఎండాకాలమంతా నేను భయంలోనే బతికాను. పట్టపగలు, పదిమంది మధ్య కూర్చుని ఉండగానే గుండె దడదడలాడేది, అరచేతులకు చెమటలు పట్టేవి, ఊపిరి సగంలోనే నిలిచిపోయినట్టుండేది! నెల్లూరులో డాక్టరుగారు ఈసీజీ తీయించి, గుండెలో దోషం లేదని మాత్రలు రాశారు. దోషం ఎక్కడుందో నాకు తెలుసు.

కోట ఊరి దగ్గరి రొయ్యల చెరువుల నీటిని పరీక్షించడం నా ఉద్యోగం. తెలిసినంతే చెప్పడం నాకు అలవాటు. ఈ సాక్ష్యంలోనూ అంతే చెబుతాను. ఉద్యోగం చేస్తూనే ఎన్నో ఏళ్లుగా దయ్యాల కథలు రాశాను. దయ్యాలను నేను నమ్మను గానీ, చదివేవారు నమ్మాలని ప్రతి వివరాన్నీ సరిచూసుకుని రాసేవాణ్ణి. ఆ పట్టుదలతోనే ఒక కథలో, ఎండుచేపల గంపతో ఇంటింటికీ తిరిగే పిశాచానికి మన సంఘంలో ఎండుచేపలు అమ్ముకునే విధవరాలు సువార్తమ్మక్క ఈడ్చి వేసే ఎడమకాలు, తెల్లబడిన కనుబొమ్మ, గుమ్మంలో ఆమె పెట్టే కేక ఉన్నదున్నట్టు పెట్టేశాను. పేరు మార్చాను గదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను! ఆ కథ ఒక ఇంటర్నెట్ పత్రికలో వచ్చింది. దాన్ని ఎవరో చదివి రికార్డు చేస్తే ఫోన్లలో ఊరూరా తిరిగింది. ముందు పిల్లలు ఆమెను చూసి పరుగెత్తారు, తర్వాత తల్లులు తలుపులు వేసుకున్నారు.

మన శుక్రవారపు గృహప్రార్థన వారానికొక ఇంట్లో జరుగుతుంది గదా. ఆమె వంతు వచ్చిన సాయంత్రం చాపలు పరిచి, సెనగలు ఉడకబెట్టి ఆమె గుమ్మంలో నిలబడితే, పాస్టరుగారు, పాస్టరమ్మగారు తప్ప ఎవరూ రాలేదు. నేను వీధి మలుపులోనే ఆగిపోయాను. లోపలికి పోతే ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే రచయితగా నా పేరు పోతుంది, మీ ముఖాలు ఎట్లా చూడాలి? "ప్రభువా, నీవు వింటున్నావో లేదో నేను కొలవలేను. ఈ కాళ్లు కదలడం లేదు, కదిలించు" అని ప్రార్థించాను. కదిలాయి! ఆ ధైర్యం ఎక్కడిదో పరీక్షించే సాధనం నా దగ్గర లేదు, కానీ నిమిషం ముందు అది నాలో లేదు. ఆ మాటకు నేనే సాక్షిని.

చాప మీద కూర్చుని అంతా చెప్పేశాను. అక్క కుచ్చెళ్లు కాస్త ఎత్తి పాదాలు చూపించింది.

"చూడు సారూ, దయ్యాలకి కాళ్లు ఎనక్కి తిరిగుంటాయంట గదా. నాయి ముందుకే ఉండాయా లేదా? అన్నీ సరిచూసి రాస్తావంటనే, ఇది చూళ్లేదా?"

పాస్టరమ్మగారు నవ్వు ఆపుకోలేకపోయారు. నాకు ఏడుపొచ్చింది.

"ఏడవబాక. ఈ కాలు ఎందుకిట్టయిందో ఒక్కనాడన్నా నన్ను అడిగినావా?"

అడగలేదు. ఆ రోజు అడిగాను. తుఫాను వచ్చినప్పుడు పక్కింటి ముసలామెను ఎత్తుకుని షెల్టరుకు పోతూ గట్టు మీద పడిందట. నా బుద్ధి అటువంటిది, పక్కింటికి పోయి విచారించాను కూడా, అక్షరాలా నిజం. వాళ్లు కూడా ఆ కథ విని తలుపు వేసుకున్నవారే!

ఆ కథను తీసివేయించాను, దయ్యాలను వదిలేశాను. ఇప్పుడు బతికున్న మనుషుల గురించి, వారి అనుమతితో, రాసిన ప్రతి పేజీ వారికే చదివి వినిపిస్తూ రాస్తున్నాను. "కాదు సారూ, నేనట్టా అనలా" అంటారు, కొట్టేసి మళ్లీ మొదలుపెడతాను. ఇట్లా రాసిన మొదటి కథ చదివిన పత్రిక సంపాదకుడు "ఏందన్నా, దీంట్లో ఏమీ జరగదే!" అన్నాడు. పాత పాఠకులు చాలామంది పోయారు. భయపెట్టడం చేతనైన చేతికి ఒక మనిషి మంచితనాన్ని నమ్మించేటట్టు రాయడం ఇంత కష్టమని నాకు తెలియదు, ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను.

గుండెదడ తగ్గింది. ప్రార్థన వల్లనా, మాత్రల వల్లనా అంటే విడదీసి చెప్పలేను, రెండూ మానలేదు. ఆ రికార్డింగు ఇంకా ఎవరి ఫోన్లలో ఉందోనన్న దిగులూ పోలేదు. అయినా దాచుకున్న తప్పు నుంచి నన్ను విడిపించిన దేవునికే మహిమ!

ఈ శుక్రవారం మళ్లీ సువార్తమ్మక్క ఇంట్లోనే ప్రార్థన. ఎంతమంది వస్తారో తెలియదు. ప్రభువును నమ్మి రండి, సహోదరులారా. భయంగా ఉంటే భయంతోనే రండి. నేనూ అట్లాగే వస్తున్నాను.