పై షడ్జమానికి ముందు

దెయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. ఎవరైనా ఆ కబుర్లు మొదలెడితే లేచి వెళ్లిపోయేవాణ్ణి. "మాస్టారికి తాళం తప్పితేనే భయం" అని మా ఇరుగుపొరుగు వేళాకోళం చేసేవారు.

అరవైల చివర విజయనగరంలో సంగీతం కాలేజీ పిల్లలకు మొదటి ఏడాది పాఠం చెప్పేవాణ్ణి. శ్రుతి తల్లి, లయ తండ్రి అంటారు. ఆ రెండూ కుదిరేదాకా ఎవర్నీ కీర్తన జోలికి పోనిచ్చేవాణ్ణి కాదు. కళ్లు మూయించి, అలంకారాలనే తొలి స్వరపాఠాలు మూడు కాలాల్లోనూ, అంటే ఒకదానికొకటి రెట్టింపు వేగంలో, పాడించేవాణ్ణి. కళ్లు మూస్తే చెవి తెరుచుకుంటుందని నా చాదస్తం.

మా ఒక్కగానొక్క కూతురు సుగుణ కూడా నా క్లాసులోనే చదివింది. మూడో కాలంలో, పై షడ్జమం, అంటే పైస్థాయి 'స', అందుకునే ముందు దానికి ఊపిరి చాలేది కాదు. చిన్నగా ఆగి, మళ్లీ అందుకునేది. ఎంత సాధన చేయించినా ఆ అలవాటు పోలేదు. వేసవి సెలవుల్లో టైఫాయిడ్ వచ్చి పిల్లే పోయింది.

కాలేజీ తెరిచాక కొత్త పిల్లలొచ్చారు. పొందూరు, బొబ్బిలి, పాలకొండ వైపు వాళ్లు. మా అమ్మాయిని చూసినవాళ్లు కారు, దాని పాట విన్నవాళ్లు అసలే కారు.

ఒక మధ్యాహ్నం అందరూ కళ్లు మూసుకుని పాడుతున్నారు. మూడో కాలంలో, సరిగ్గా అక్కడే, అందరూ ఒక్కసారి ఆగి మళ్లీ అందుకున్నారు. తాళం వేస్తున్న నా చెయ్యి తొడ మీదే ఉండిపోయింది.

ఎందుకాగారని అడిగాను. పొందూరు పిల్ల చెప్పింది. "మా ముందర ఒకమ్మాయి పాడతన్నాది కదండీ. ఊపిరి తీసుకోడానికి ఆగినాది. మేవూ ఆగినాం."

"ఏ అమ్మాయి?"

"కొత్తగా సేరినాదేమో అనుకున్నాం మాస్టారూ."

మిగతావాళ్లూ విన్నామన్నారు. ముందు వరుసకీ నాకూ మధ్య ఎవరూ లేరు. ఇంతమందికి స్వరజ్ఞానం నేర్పిన నా చెవికి మాత్రం ఆ గొంతు వినిపించలేదు. ఆ బాధ ఎవరితో చెప్పుకోను?

ఇంట్లో దాచలేకపోయాను. మర్నాడు నా భార్య క్లాసుకొచ్చి గోడవార కూర్చుంది. పిల్లలకేమీ చెప్పకుండా, ఎప్పటిలాగే కళ్లు మూయించి పాడించాను. ఎక్కడా ఆగకుండా పాడేశారు. ఎవరికీ ఏ గొంతూ వినబడలేదట.

"ఇంకోపాలి పాడించండి" అంది ఆవిడ. పాడించాను. మళ్లీ అడిగింది. మళ్లీ పాడించాను. పిల్లలు తప్పు పాడితే బాగుండునని నా జన్మలో కోరుకున్నది ఆ ఒక్కరోజే. గంట కొట్టేదాకా ఒక్కరూ తప్పు పాడలేదు.

ముందురోజు వాళ్లు విన్నదేమిటో, మర్నాడు ఎందుకు వినబడలేదో నాకిప్పటికీ తెలియదు.

ఇంటికి నడుస్తూ, కొంగుతో ముఖం తుడుచుకుని, నా భార్య ఒక్కమాటే అంది.

"బాగా నేర్పీసినారు పిల్లలకి."