తిరగేసి చూడనివ్వని మనిషి

ధర్మవరంలో లాప్‌టాప్‌లమ్మే ఆ మనిషికి ఒక అలవాటు. మూత మీద రెండు వేళ్లతో టకటకా కొట్టి, "ఇనుమమ్మా ఇది, నాలుగేండ్లు కదలదు!" అంటాడు.

మా పాప ఇంజనీరింగులో చేరినప్పుడు వెళ్లాం. నేను బడికి పోలేదు. మగ్గం పక్కన కూర్చోబెట్టుకుని నాయనే చదువు చెప్పాడు, చీరను వెనక్కి తిప్పి చూడందే కొనకూడదనీ చెప్పాడు. ఆ అలవాటుకొద్దీ లాప్‌టాప్‌నూ తిప్పబోయాను.

"ఏమ్మా, పట్టుచీర అనుకుంటివా? బడి మొగం చూసినోళ్లను పిల్చుకోని రాపో!" అన్నాడు. అంగడంతా నవ్వింది. సిగ్గుపడి, చూడకుండానే కొన్నాను.

రెండో ఏడు పరీక్షల ముందు అది ఆగిపోయింది. రిపేరు చేసే అబ్బాయి అడుగు తిప్పి చూపించాడు. స్క్రూల తలలన్నీ అరిగి ఉన్నాయి. పాతదాన్ని విప్పి, తుడిచి, కొత్తదని ఆ అంగడాయన అంటగట్టాడన్నమాట. నోట్సంతా దాంతోనే పోయి, పాప పరీక్ష తప్పింది.

అప్పట్నుంచి ఏటా కాలేజీలు తెరిచే రోజుల్లో మా వీధి పిల్లలను ఆ అంగడికే తీసుకుపోతున్నాను. ఒక్కొక్కటీ తిరగేసి, "ఈ స్క్రూ చూడప్పా, విప్పినారు దీన్ని!" అని అందరికీ వినబడేట్టు అంటాను.

"నీకు దండం పెడతా, ఇంకో అంగడికి పోమ్మా," అంటాడు.

ఆయన చల్లగా ఉండాలని, అంగడి మూతపడకూడదని రోజూ దీపం పెట్టి మొక్కుకుంటున్నాను. మా వీధిలో ఇంటర్ చదివే పిల్లలు ఇంకా పదకొండు మంది ఉన్నారు.