హోమ్ అన్న గడి

చదువుకని విదేశం వెళ్లి, మిల్టన్ ఊళ్లో నేను బేస్‌మెంట్ అద్దెకున్న ఇంటి యజమాని అంకుల్‌కి ఏటా ఒక కాగితం వచ్చేది. ఆయన బతికే ఉన్నారని ఆయనా, డాక్టరూ సంతకం చేసి పంపకపోతే పింఛను ఆగిపోతుంది. అక్కడి కాలేజీల్లోకి మన పిల్లలు వెల్లువలా వచ్చిపడుతున్న రోజులవి. ఆ బేస్‌మెంట్‌లో నలుగురం సర్దుకునేవాళ్లం. మిగతా ముగ్గురికీ సాయంత్రాలు గిడ్డంగుల్లో షిఫ్టులు, అందుకని ఫారాలు నింపే పని నాకు పడింది. నిజం చెప్పొద్దూ, మొదట్లో విసుక్కునేదాన్ని.

అంకుల్‌ని కుర్రతనంలో బ్రిటిష్‌వాళ్లు ఇండియా నుంచి తూర్పు ఆఫ్రికాకి, సర్వే ఆఫీసులో గుమాస్తాగా తీసుకెళ్లారు. దొరలు పాలన వదిలి వెళ్లేటప్పుడు, పింఛన్లకు ఢోకా లేకుండా ఆ దేశపు కొత్త రాజ్యాంగంలోనే రాయించారట. ఉద్యోగం మధ్యలో తెగినందుకు నష్టపరిహారం కూడా ఇచ్చారు గానీ, అది బయటి నుంచి వచ్చి, తిరిగి వెళ్లిపోయేవాళ్లకే. ఎవరు బయటివాళ్లో తేల్చడానికి ఒక ఫారం పంచారు. అందులో ‘హోమ్’ అని ఒక గడి. దొరల భాషలో దానర్థం, సెలవులకి ఓడెక్కి వెళ్లే స్వదేశం. తోటి గుమాస్తాలందరూ ఇండియాలోని తమ ఊళ్లు రాశారు. అంకుల్ మాత్రం హోమ్ అంటే ఇల్లే కదా అనుకుని, ఆ ఆఫ్రికా ఊళ్లో అప్పుడే కట్టుకున్న ఇంటి నంబరు రాసిచ్చారు. స్థానికుడని తేల్చేశారు. పరిహారం పోయింది. ఎన్నో ఏళ్ల తర్వాత ఇద్దరూ మిల్టన్ వచ్చి స్థిరపడ్డారు.

“ఊరందరిదీ ఒకదారి, ఉలిపికట్టెది ఒకదారి” అని ఆంటీ పోయేదాకా దెప్పేవారట. ఆ దెప్పుళ్లు లేక ఇల్లు బోసిపోయిందనేవారు అంకుల్.

ఆ ఏడు ఆయన చేతి వణుకు వల్ల సంతకం పాతదానితో కలవలేదని కాగితం తిరిగొచ్చింది. గడువు వారమే ఉంది. మంచులో చెయ్యి పట్టుకుని డాక్టర్ దగ్గరికి నడిపించాను. బతికున్న మనిషి బతికున్నానని ఎన్నిసార్లు చెప్పుకోవాలని నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మాత్రం పెదవి బిగబట్టి ఒక్కో అక్షరమే దిద్దుకుంటూ సంతకం పెట్టారు. డాక్టర్ కూడా పెట్టాక చూస్తే, ఒక గడి ఖాళీగా ఉంది. హోమ్.

ఈసారైనా తప్పు జరగకూడదని నా ఆత్రం. ఇండియాలో ఆయన సొంతూరు కాకినాడ అని రాయబోయాను. ఆయన నా చెయ్యి ఆపారు.

“మిల్టన్ అని రాయమ్మా. అప్పుడు కూడా నేనేం పొరబడలేదు. హోమ్ అంటే ఏంటో ఆఫీసులో అందరికంటే నాకే బాగా తెలుసు. మీ ఆంటీ పెరట్లో కరివేపాకు నాటింది. ఆ ఇల్లు వదిలి రాలేనని, నేను ఫారం నింపే ముందురోజే ఏడ్చింది.”

మరి అన్నేళ్లూ ఆంటీకి ఎందుకు చెప్పలేదని అడిగాను.

“తన వల్లే పోయిందని తెలిస్తే జన్మంతా కుమిలిపోయేది. నన్ను దెప్పుతూ హాయిగా ఉంది కదా.”

నాకు కళ్లు మసకబారాయి. గడిలో అక్షరాలు కనబడేదాకా ఆగి, మిల్టన్ అని రాశాను.