వెండి పూత జగ్గు కోసం డెలావేర్ ఒడ్డుకు

మా ఇంట్లో మందు ముట్టేవాళ్ళు లేరు. అయినా ఎనభైల మొదట్లో న్యూయార్క్ దగ్గర పార్సిప్పనీలోని మా చిన్న అపార్ట్‌మెంట్‌లో మందు కలుపుకునే వెండి పూత సామాను పదకొండు రకాలు ఉండేది. ఏం చెయ్యమంటారు, పిచ్చి! పువ్వులూ లతలూ లేకుండా, నిటారు గీతలతో, న్యూయార్క్ మేడల్లా మెట్లు మెట్లుగా లేచే ఆ పాతకాలం అమెరికన్ గిన్నెలు కనబడితే నాకు కాళ్ళాగవు. వాటిలో అరుదైన పొడవాటి జగ్గు ఒకటి, డెలావేర్ నది ఒడ్డున ఆదివారం సంతలో బల్ల వేసే మార్జ్ అనే పెద్దావిడ దగ్గరుందని తెలిసింది. ఫోన్ చేస్తే డబ్బుకు అమ్మనంది. దాని జత షేకర్, అంటే మందూ ఐసూ పోసి కుదిపే మూతగిన్నె, మచ్చ లేకుండా తెస్తే మార్పిడికి సరేనంది. ఆ షేకర్ మా వంటింట్లోనే ఉంది! దాన్ని ఏడాది కిందట మా ఆవిడ సరళకు పుట్టినరోజు కానుకగా ఇచ్చాను. ఆవిడ అందులో మజ్జిగ చేసేది.

ఆదివారం తెల్లవారుజామున ఐదుంపావుకు బయల్దేరాం. 287 హైవే మీద దక్షిణంగా వెళ్ళి, సోమర్‌విల్ దగ్గర 202 పట్టుకుంటే నది దాకా తిన్నటి దారి. గంటంపావు ప్రయాణం. పెట్రోలు గాలన్ డాలరూ ఇరవై సెంట్లు, టోల్ లేదు. షేకర్‌ని తువ్వాల్లో చుట్టి సరళ ఒళ్ళో పెట్టుకుంది. "ఏవండీ, దీని గురించి ఒక మాట చెప్పాలి," అంది ఫ్లెమింగ్టన్ దగ్గర. "తర్వాత చెబుదువుగానిలే, ముందు ఆ బోర్డు చూడు!" అన్నాను. నాకు అప్పటికే ఒంట్లో రక్తం ఉరకలేస్తోంది.

సంతకు చేరేసరికి ఆరున్నర. గడ్డి మీద మంచు ఇంకా ఆరలేదు, బల్లలు మాత్రం అప్పుడే నిండిపోయాయి. మూలనున్న బండి దగ్గర గుడ్లూ వేయించిన బంగాళాదుంపలూ ఇద్దరికీ కలిపి మూడు డాలర్లు. "మార్జ్ ఎక్కడుంటుంది?" అని వంటాయన్ని అడిగితే గరిటెతో చూపించాడు. "నది వైపు ఆఖరి బల్ల. గీచి గీచి బేరమాడకండి, ఆవిడకి గిట్టదు."

జగ్గు బల్ల మధ్యలో నిలబడి ఉంది. అబ్బ, ఏం ఠీవి! సన్నటి మెడ, మూడు మెట్ల అడుగు, పిడి ఒకే ఒక్క వంపు. మార్జ్ కళ్ళజోడు సవరించుకుని షేకర్ అందుకుంది, మూత తీసింది, దాని భుజాలు నిమిరింది, తల ఊపింది. తర్వాత తిరగేసింది.

"ఇదేమిటి?"

అడుగున చుక్కలు చుక్కలుగా, గుండ్రటి తెలుగు అక్షరాల్లో 'సరళ' అని ఉంది.

"కొంప ముంచావు కదా!" అన్నాను.

"మరి ఉగాదికి అందరూ తలో వంటా తెచ్చుకునే పాట్‌లక్‌కి గిన్నెలు నాలుగు పట్టుకెళ్తే మూడు పోయాయి. ఇదొక్కటే ఎందుకు తిరిగొచ్చిందనుకున్నారు?" సరళ తగ్గలేదు. "మేకూ సుత్తీ మీ టూల్‌బాక్స్‌లోవే."

మార్జ్ షేకర్‌ని నా వైపు తోసింది. "మచ్చ లేకుండా అన్నాను." అయిపోయింది. ఇంత దూరం వచ్చి జగ్గుని చూసి పోవడమేనా!

"ఏం రాశారసలు?" అని మార్జే అడిగింది. సరళ తన ఇంగ్లీషులో పాట్‌లక్ కథంతా చెప్పింది. మార్జ్ పగలబడి నవ్వింది. "మా చర్చి విందుల్లో నావి ఎన్ని ట్రేలు పోయాయో! అయితే ఇది నీదన్నమాట. మరి ఇచ్చెయ్యడం నీకిష్టమేనా?"

"నన్నెవరడిగారు?" అంది సరళ.

సిగ్గుతో చచ్చిపోయాను. నిజంగానే నేను అడగలేదు. కానుకిచ్చిన చేత్తోనే, ఒక్క మాటైనా అనకుండా, మార్పిడికి బేరం పెట్టేశాను. "తప్పయిపోయింది సరళా," అన్నాను. "పద, ఇంటికెళ్దాం. అది నీ దగ్గరే ఉండనీ."

సరళ కదల్లేదు. జగ్గుని ఎత్తి బరువు చూసింది, దాని మూతి చుట్టూ వేలు తిప్పింది. "మజ్జిగ ఒలక్కుండా పడుతుంది," అని మార్జ్ వైపు తిరిగింది. "షేకర్ ఇస్తాను. నీ ట్రేల మీద పేరు కూడా వేసిస్తాను. జగ్గు ఇస్తావా?" మార్జ్ సరేనని పక్కబల్లాయన దగ్గర మేకూ సుత్తీ అరువు తెచ్చింది. గంటసేపు టకటకమని నాలుగు ట్రేల వెనక 'మార్జ్' పడింది. ఆవిడ షేకర్‌ని సరళ పేరుతోనే తీసుకుంది, అమ్మకం బల్ల మీద కాకుండా తన సంచీలో పెట్టుకుంది.

గిన్నెల మీద నాకున్నది ప్రేమ అనుకునేవాణ్ణి. అందులో సగం ఖరీదుల లెక్కేనని ఆ రోజు తెలిసింది. ఇలాంటి సంతకు వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా: ఏడు లోపు చేరండి, నచ్చిన వస్తువుని వెలుతురులో తిప్పి అంచులు చూడండి. రాగి రంగు తొంగి చూస్తే పూత పోయినట్టే, వదిలెయ్యండి. తిరుగుదారిలో సరళ జగ్గుని ఒళ్ళో పెట్టుకుని నా మొహంలోకి చూసింది. "దీని మీద పేరు వెయ్యనులెండి, ఖరీదు పడిపోతుంది," అంది.

"వెయ్యి," అన్నాను. "పెద్ద అక్షరాలతో వెయ్యి."