షరీఫా బీ కుక్కర్‌పై నేను రాసిన జాబ్ కార్డు

ఒక గృహోపకరణాల కంపెనీలో సీనియర్ టెక్నీషియన్‌గా పాతబస్తీ ఫిర్యాదులు చూస్తున్న రోజుల్లో, జూలై రెండో మంగళవారం, లాడ్ బజార్ వెనుక గల్లీలోని ఒక ఇంటికి వెళ్లాను. వారంలో నాలుగుసార్లు వాళ్ల ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ ‘బర్న్’ అని చూపి ఆగిపోయింది. అడుగు మాడుతోందని యంత్రం ఇచ్చే హెచ్చరిక అది.

ముందు గది లక్క గాజుల కార్ఖానా, వెనుక గది వంటిల్లు. వండేది షరీఫా బీ. ఆమెకు చూపు దాదాపు పోయింది. మంట దగ్గరికి కొడుకు యూసుఫ్ రానివ్వడు కనుక ఆమెకు మిగిలింది ఈ కుక్కరే.

“అమ్మీకి కనబడది భాయ్, నీళ్లు తక్కువ పోస్తున్నది. ఇంకోసారి గిట్లయితే దీన్ని తీసేస్త,” అన్నాడు యూసుఫ్.

“నలభై ఏండ్ల సంది వేలు ముంచి నీళ్లు కొలుస్తున్న. వేలుకు గూడ కండ్లు పోయినయారా?” అందామె.

మూత రబ్బరు రింగు, ఆవిరి వాల్వు చూశాను. తరువాత నీళ్ల పరీక్ష: మూడు కప్పుల నీళ్లు పోసి, ఒత్తిడి నిలుస్తుందో లేదో చూడటం. ఇళ్లలోని కుక్కర్ లోపలి గిన్నెలు మెతుకులతో ఉంటాయని మేము సంచిలో ఒక శుభ్రమైన గిన్నె తీసుకెళ్లేవాళ్లం. దానితోనే పరీక్షించాను. హెచ్చరిక రాలేదు. “యంత్రంలో లోపం లేదు; వాడకంలో పొరపాటు” అని తనిఖీ వివరాలు రాసే జాబ్ కార్డులో రాసి, ఇద్దరికీ చదివి వినిపించి, యూసుఫ్ సంతకం తీసుకున్నాను.

పదకొండో రోజున, హెచ్చరిక మళ్లీ వచ్చిందని, యూసుఫ్ కుక్కర్‌ను తిరిగి ఇచ్చేయడానికి సర్వీస్ సెంటర్‌కు తెచ్చాడు. వాళ్ల గిన్నెను అప్పుడు బోర్లించాను. అడుగున రూపాయి బిళ్లంత లక్క పొర, మాడి నల్లబడి ఉంది. అది అడ్డుపడితే వేడి గిన్నెకు ఎక్కదు; కింది హీటర్ పళ్లెం అతిగా కాగుతుంది; దాని మధ్యనున్న సెన్సార్ ఆ వేడినే మాడు అనుకుంటుంది. లక్క వాసన ఆ ఇంట్లో ఎప్పుడూ ఉండేదే కనుక ఎవరికీ అనుమానం రాలేదు.

వేడి గిన్నె ఎక్కడ దించుతారని అడిగాను.

“నేనే దించుత. కార్ఖానాల బండ మీద...” అంటూ ఆగిపోయాడు. లక్క సాగదీసేది ఆ బండ మీదే.

పొర గీకేసి, అతనితో వెళ్లి, “గిన్నె అడుగున లక్క; నీళ్లలో పొరపాటు లేదు” అని రాసిన కొత్త కార్డు ఆమెకు చదివాను.

“మొదటి కాగితం విన్న కాడికెల్లి నా వేలు మీద నాకే శక్ వచ్చింది భాయ్. నిన్న పప్పుల నీళ్లు సరిపోయినయా అని మూడుసార్లు అడిగిన. ఇగ మీరే వండుకోండ్రి.”

“మాఫ్ చెయ్యి అమ్మీ,” అన్నాడు యూసుఫ్. ఆమె లేవలేదు.

పరీక్షలో నెగ్గింది నా గిన్నె. ఆ పరీక్ష తేల్చనిదాన్ని నేను ఒక మనిషి తప్పుగా రాశాను. మా కార్డులో ‘కారణం తేలలేదు’ అనే గడి ఒకటి ఉండేది. నింపితే మళ్లీ వెళ్లాల్సి వస్తుందని ఎవరూ నింపేవారు కాదు. స్వచ్ఛంద విరమణ తీసుకునేలోగా నేను దాన్ని ఇరవై మూడుసార్లు నింపాను.